సోనాపూర్ రూముల ఒక వంట వంతు

పోయిన భాగంల వెట్టి గురించి రాసిన. ఇది గల్ఫ్ రూము ముచ్చట.

1973ల చమురు ధరలు పెరిగినంక గల్ఫ్ దేశాలల్ల కట్టుబడి పనులు మొదలైనయి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పల్లెల నుంచి గూడ మనోళ్లు పోయిన్రు. పది పాస్ కానోళ్లకు 1983 చట్టం కింద ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలె. మా వాడల పది పాసైనోళ్లు ఎందరని? ఏజెంటుకు అప్పు తెచ్చి కట్టుడే.

మా చిన్నాయన దుబాయ్‌ల సోనాపూర్ క్యాంపుల ఉన్నడు. సోనాపూర్ అంటే బంగారు ఊరు! ఆయనకు దక్కింది ఇనుప మంచం మీది అంతస్తు. రూముకు ఎనిమిది మంది, వంతులవారీ వంట, నెలాఖరుకు ఖర్చు పంచుకునుడు. ఊర్లె మమ్ముల బాయికాడికి రానియ్యని ఇంటి పిలగాడు చిన్నాయన చేసిన పచ్చిపులుసు అడిగి మరీ పోసుకునేటోడు. చిన్నాయనకు జ్వరమొస్తే గంజి కాసింది గూడ ఆ పిలగాడే. పాస్‌పోర్టులు కంపెనీ చేతుల్నే. కఫాలా కింద అందరూ కూలోళ్లే. అట్లని కులం విమానం ఎక్కలేదని రాయలేను, వేరే మెస్సు పెట్టుకున్న రూములు గూడ ఆయన చూసిండు.

సెలవుకు ఇద్దరూ కలిసే వచ్చిన్రు. ఆ పిలగాని పెండ్లిల చిన్నాయనకు విస్తరి పందిరి బయట ఏసిన్రు. పిలగాడు చూసిండు, ఏమనలే.

మళ్ల దుబాయ్ పోయిన రాత్రి వంట వంతు చిన్నాయనదే.