తీర్పులో షరతులు

1605 ఫిబ్రవరి 10, ఆదివారం. మీరు లండన్‌లో, వైట్‌హాల్ రాజభవనంలో ఉన్నారు. భస్మ బుధవారానికి ఇంకా మూడు రోజులే ఉంది. ఉపవాసాలు మొదలయ్యేలోపే విందులూ వినోదాలూ కానిచ్చేయాలి. మొదటి జేమ్స్ రాజు ముందు ఆయన సొంత నటబృందం షేక్‌స్పియర్ రాసిన ‘వెనిస్ వర్తకుడు’ ఆడుతోంది.

కోర్టు రంగం వచ్చింది. యూదు వడ్డీ వ్యాపారి షైలాక్ చెప్పు అడుగుకేసి కత్తి నూరుతున్నాడు. మూడు నెలల గడువుతో ఇచ్చిన మూడు వేల డుకట్ల అప్పు తీరలేదు. పత్రం ప్రకారం వర్తకుడు ఆంటోనియో ఒంట్లోంచి పౌండు మాంసం కోసుకునే హక్కు అతనిది. మీ పక్కవాళ్ల కళ్లన్నీ ఆ కత్తి మీదే ఉన్నాయి.

మీరు మాత్రం మొదటి అంకం గుర్తు తెచ్చుకోండి. నన్ను కుక్క అన్నావు, నా మీద ఉమ్మావు, ఇప్పుడు అప్పుకొచ్చావా అని షైలాక్ మొహం మీదే అడిగాడు. ఆంటోనియో నొచ్చుకోలేదు. మళ్లీ అంటాననీ, మళ్లీ ఉమ్ముతాననీ చెప్పాడు. నాటకంలో స్నేహితులంతా ఎంతో మంచివాడని పొగిడే మనిషి ఆయన!

ఆ వెనిస్‌లో 1516 నుంచి యూదులకు వేరే పేట ఉంది. చీకటి పడితే దాని తలుపులు మూసేస్తారు, కాపలావాళ్ల జీతాలు యూదులే ఇచ్చుకోవాలి. సొంతానికి ఇల్లు కొనుక్కోకూడదు. చాలా వృత్తులు వాళ్లకు నిషేధం. తాకట్టు వ్యాపారం, పాత బట్టల అమ్మకం, వైద్యం వంటి కొన్నే మిగిలాయి. వడ్డీ పాపమని చర్చి అంటుంది, అప్పు మాత్రం అందరికీ కావాలి. ఆ పాపాన్ని యూదుడి చేత చేయించుకుని, చేసినందుకు అతని మీదే ఉమ్మారు. షైలాక్ కత్తి పట్టడాన్ని నేను సమర్థించను. కానీ ఆ పగ అతను పుట్టుకతో తెచ్చుకున్నది కాదు.

ఈ హాల్లో ఉన్నవాళ్లలో ఎంతమందికి ఒక యూదుడు పొరుగువాడిగా తెలుసు? మొదటి ఎడ్వర్డ్ రాజు 1290లో యూదులందరినీ ఇంగ్లండ్ నుంచి వెళ్లగొట్టాడు. 315 ఏళ్లుగా ఈ దేశంలో యూదుడినని పైకి చెప్పుకుని బతికే వీలు లేదు.

వకీలు వేషంలో నాటక నాయిక పోర్షియా ముందుకొచ్చింది. మాంసం కోసుకో, రక్తం బొట్టు కూడా రాలకూడదంది. షైలాక్ చేతులు పడిపోయాయి. పోనీ అసలైనా ఇప్పించమన్నాడు. అదీ లేదు. పరాయివాడు వెనిస్ పౌరుడి ప్రాణం తీయజూస్తే అతని ఆస్తిలో సగం బాధితుడికి, సగం ఖజానాకు పోతుందట, ప్రాణం డ్యూక్ దయ మీద ఉంటుందట. ఆ ఊళ్లోనే బతుకుతూ, పన్నులు కడుతూ ఉన్నా చట్టానికి అతను పరాయివాడే!

ఇక ఆంటోనియో దయ చూడండి. షైలాక్ సగం ఆస్తి అతనికే ఉండనిమ్మన్నాడు. రెండు షరతులు పెట్టాడు. షైలాక్ చనిపోయాక ఉన్నదంతా, తన కూతురిని లేవదీసుకుపోయిన లొరెంజోకూ ఆ కూతురికీ చెందేలా రాసివ్వాలి. వెంటనే క్రైస్తవుడు కావాలి. షైలాక్ సరేనన్నాడు. ఒంట్లో బాగాలేదని చెప్పి వెళ్లిపోతున్నాడు.

బాప్తిస్మంతోనైనా ద్వేషం తీరుతుందా? వెళ్తున్న మనిషి వెనక ఆంటోనియో స్నేహితుడు గ్రాషియానో అంటున్న మాట వినండి. నేనే న్యాయమూర్తినైతే నిన్ను జ్ఞానస్నానపు తొట్టి దగ్గరికి కాదు, ఉరికంబం దగ్గరికే పంపేవాణ్ని అంటున్నాడు.

ఈ హాల్లో చాలామందికి రోడెరిగో లోపెజ్ గుర్తుండే ఉంటాడు. పోర్చుగల్ యూదుల వంశంవాడు, బాప్తిస్మం పొందినవాడు, ఎలిజబెత్ రాణికి వైద్యుడు. ఆమెకు విషం పెట్టబోయాడన్న నేరం మోపి 1594 జూన్‌లో టైబర్న్‌లో చంపారు. యేసుక్రీస్తును ఎంత ప్రేమిస్తానో రాణినీ అంతే ప్రేమించానని అతను చావు ముందు చెబితే, జనం పగలబడి నవ్వారు. క్రైస్తవుడిగా బతికినా వాళ్లకు అతను యూదుడే. రేపు షైలాక్ గతీ అదే.

రాజుకు నాటకం నచ్చినట్టుంది. మంగళవారం మళ్లీ ఆడమని ఆజ్ఞ ఇచ్చాడు.

దయ గురించి పోర్షియా చెప్పిన మాటలు మనలో చాలామంది కాలేజీ పాఠంగా చదువుకున్నవే. ఈసారి నాటకం తీసినప్పుడు అక్కడ ఆగకండి. తీర్పులో షరతుల దాకా చదవండి, ఆ దయ ఎవరికి దక్కిందో మీరే చెప్పండి.