బూడిద, పులుపు, ఉప్పు: గిన్నెలు కడిగే యంత్రం వెనుక నిర్వహణ చరిత్ర (కల్లూరు పరిసరాల నేపథ్యం)

వ్యాససంగ్రహం: డిష్‌వాషర్ తెలుగు వంటింటికి కొత్త వస్తువు. దాన్ని చెడిపోకుండా కాపాడే పదార్థజ్ఞానం మాత్రం కొత్తది కాదు. క్షారంతో జిడ్డును, పులుపుతో పేరుకున్న పొరను తొలగించడం తెలుగు స్త్రీల చేతులకు తరతరాలుగా తెలిసిన విద్య. ఆ విద్య యంత్రంలోకి ఏ రూపంలో చేరింది, ఎక్కడ తెగిపోయింది, యంత్రం మొరాయించినప్పుడు ఎవరి పనిగా మిగిలింది అన్న విషయాలను ఖమ్మం జిల్లా కల్లూరు పరిసరాల నేపథ్యంలో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: అంట్లు, ఎంగిలి, కళాయి, నీటి కాఠిన్యం, గృహశ్రమ, డిష్‌వాషర్.

1. ప్రవేశిక

కోస్తాలో ‘అంట్లు తోమడం’ అనే పనినే తెలంగాణలో చాలాచోట్ల ‘బాసన్లు తోముడు’ అంటారు. మొదటి మాటలో ఉన్న ‘అంటు’కు తాకిడి, అంటుకోవడం, మైల అనే అర్థాలు ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉన్నాయి. అంటే తిని వదిలిన పాత్ర మురికిది మాత్రమే కాదు, ముట్టరానిది కూడా. అందుకే ఆ పని ఇంట్లో కోడలికో, బయటి నుంచి వచ్చే పనిమనిషికో దక్కింది.

రెండో పదం ‘తోము’. పళ్లు తోముతాం, గిన్నెలు తోముతాం. రెండింటిలోనూ రాపిడి ఉంది. డిష్‌వాషర్ ఈ పని చేయదు. వేడినీళ్లను ఒత్తిడితో చిమ్ముతుంది, రసాయనానికి సమయం ఇస్తుంది. కచ్చితంగా చెప్పాలంటే అది గిన్నెలు కడిగే యంత్రమే కాని తోమే యంత్రం కాదు. ఆ యంత్రంతో వచ్చే చిక్కులలో చాలావాటికి మూలం ఈ తేడాలోనే ఉంది.

2. ఆకు, బూడిద

కల్లూరు ఖమ్మం నుంచి వైరా, తల్లాడ మీదుగా సత్తుపల్లికి పోయే దారిలో ఉన్న మండల కేంద్రం. 2016లో జిల్లాల పునర్విభజన నాటికి రెవెన్యూ డివిజన్ కేంద్రం కూడా అయింది. పడమట సాగర్ ఎడమ కాలువ కింది వరి పొలాలు, తూర్పున భద్రాద్రి కొత్తగూడెం వైపు సాగే అడవి. వంటింటి చరిత్రకు ఈ రెండు దిక్కులూ రెండు సామగ్రులను అందించాయి.

అడవి ఆకునిచ్చింది. మోదుగాకు విస్తరి, అడ్డాకు విస్తరి, ఆకు దొప్ప, నీళ్లకు సొరకాయ బుర్ర. తిన్న తరువాత ఆకు పెంటకుప్పకో పశువుకో పోతుంది. కడగవలసిన కంచమే లేదు. గిన్నెలు కడగడం అనే సమస్యకు అత్యంత ప్రాచీన పరిష్కారం ఇదే. దీన్ని పేదరికపు గుర్తుగా మాత్రమే చూడటం సరికాదు. నీళ్లు దూరం నుంచి మోయవలసిన చోట అది నీటి పొదుపు కూడా.

పొలం ఊకనిచ్చింది. 1967లో నాగార్జునసాగర్ నీరు కాలువలకు విడుదలైన తరువాత వరి విస్తరించిన ఆయకట్టు గ్రామాలలో ఊకకు కొదువ లేదు. ఊక బూడిదలో సిలికా అధికం, కనుక అది గీకుతుంది. కట్టెల బూడిదలో పొటాషియం కార్బొనేట్ ఉంటుంది, కనుక అది జిడ్డుతో కలిసి కొంత సబ్బుగా మారుతుంది. వరిగడ్డి చుట్టతోనో కొబ్బరి పీచుతోనో బూడిద అద్ది రుద్దే చేయి ఒకేసారి రెండు పనులు చేసేది. ఏ గిన్నెకు ఏ బూడిద అన్న ఎంపికను రసాయనశాస్త్రం పేరుతో ఎవరూ నేర్పలేదు. తల్లి పక్కన కూర్చున్న పిల్ల చూసి నేర్చుకుంది.

బూడిద పోవడానికి కారణం సబ్బు కాదు, పొయ్యి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం మొదలై గ్యాస్ పొయ్యి గ్రామాలలోకి వచ్చేకొద్దీ బూడిద పుట్టే చోటే కరువైంది. 1993లో భారత మార్కెట్లోకి వచ్చిన విమ్ బార్ వంటి వస్తువులు ఆ ఖాళీని నింపాయి. అంతవరకూ ఇంట్లోనే ఉచితంగా పుట్టిన శుభ్రతాద్రవ్యం అప్పటినుంచి కొనవలసిన సరుకు అయింది.

3. చిలుము, కళాయి, మాటు

ఇత్తడి, రాగి పాత్రలకు బూడిద చాలదు. వాటికి పట్టే చిలుమును చింతపండు పులుపు, ఉప్పు కలిసి వదిలిస్తాయి. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం లోహం మీది ఆక్సైడు పొరను కరిగిస్తుంది. పులుసు, మజ్జిగ వంటివి ఇత్తడి గిన్నెలో ‘కిలుమెక్కకుండా’ ఉండటానికి లోపల కళాయి పూయించేవారు. నవాసాగరంతో గిన్నె లోపలిభాగాన్ని శుద్ధి చేసి, వేడి మీద తగరాన్ని కరిగించి గుడ్డతో పూసే ఈ పని వీధిలోనే జరిగేది. తగరం 232 డిగ్రీల సెల్సియస్ వద్దనే కరుగుతుంది, కనుక బొగ్గుల కుంపటి, తోలుతిత్తి సరిపోయేవి. చిల్లుపడ్డ బిందెకు ‘మాటు’ వేసేవారు వేరు.

ఈ వీధి వృత్తిదారులు కేవలం మరమ్మతుదారులు కారు. పాత్ర ఆయుర్దాయాన్ని నిర్ణయించినవారు వారే. పాత్ర కొన్నాక దానికి కాలానుగుణంగా ఖర్చుపెట్టాలన్న స్పృహ ఇంటికి ఉండేది. స్టీలు వచ్చి ఆ స్పృహను తుడిచేసింది. కళాయి అక్కరలేదు, మాటు అక్కరలేదు. ‘నిర్వహణ లేని వస్తువు’ అన్న భ్రమకు వంటింట్లో తొలి రూపం స్టీలు గిన్నె అని చెప్పవచ్చు. ఆ భ్రమతోనే తరువాతి తరం డిష్‌వాషర్‌ను కూడా కొన్నది.

4. యంత్రం పుట్టుక

అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రం షెల్బీవిల్‌కు చెందిన జోసెఫిన్ కోక్రేన్‌కు 1886 డిసెంబరు 28న పాత్రలు కడిగే యంత్రంపై పేటెంటు లభించింది. సంఖ్య 355,139. అంతకుముందే 1850లో జోయెల్ హౌటన్ కొయ్య యంత్రానికి పేటెంటు పొందినా, నీటి ఒత్తిడితో కడిగే పద్ధతిని ఆచరణయోగ్యం చేసింది కోక్రేనే. ఆమె చేతికి విశ్రాంతి కోసం దీన్ని తయారు చేయలేదు. పనివారు కడిగేటప్పుడు తన పింగాణీ పళ్లేలు పెచ్చులూడుతున్నాయన్నది ఆమె ప్రేరణగా ప్రసిద్ధం. అంటే ఈ యంత్రం పనివారి చేతిపై యజమానురాలి అపనమ్మకం నుంచి పుట్టింది. 1893 షికాగో ప్రదర్శన తరువాత కూడా దీన్ని ప్రధానంగా హోటళ్లే కొన్నాయి. ఇళ్లలో అంత వేడినీరు లేకపోవడం ఒక కారణం.

భారతదేశంలో ఈ యంత్రం గురించి మధ్యతరగతి గట్టిగా మాట్లాడుకున్నది 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైన తరువాతే. పనిమనిషి రాలేని రోజులవి. షెల్బీవిల్‌లో పనివారి మీది అనుమానం చేసిన పనిని ఇక్కడ పనివారి గైర్హాజరీ చేసింది.

5. నీళ్లు, జల్లెడ, ఆవగింజ

యంత్రం సరిగా కడగడం లేదన్న ఫిర్యాదు వచ్చినప్పుడు మొదట చూడవలసినది మోటారును కాదు, నీటిని. భారత ప్రమాణం ఐఎస్ 10500 (2012) ప్రకారం తాగునీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల దాకా ఆమోదయోగ్యం, వేరే ఆధారం లేనిచోట 600 దాకా అనుమతించవచ్చు. రాళ్ల పొరలలోంచి వచ్చే బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉంటే, ఆ నీటిని వేడి చేసినప్పుడు అవి తెల్లని పొరగా దిగుతాయి. కాగు అడుగున పేరుకునే సున్నపు పొర అదే. డిష్‌వాషర్‌లో అది గాజు గ్లాసుల మీద మసకగా, హీటరు మీద పెచ్చుగా కనిపిస్తుంది. 2016 ఆగస్టు 7న ప్రారంభమైన మిషన్ భగీరథ నల్లా నీరు నదీజలం. బోరు నీటితో పోలిస్తే సాధారణంగా మెత్తన. ఒకే ఇంట్లో రెండు నీళ్లూ ఉన్నప్పుడు యంత్రానికి ఏ పైపు కలిపారన్నది చిన్న విషయం కాదు.

యంత్రం లోపల ఉప్పు వేసే అర ఉంటుంది. చింతపండుకు తోడుగా రుద్దిన ఉప్పుకు, ఈ ఉప్పుకు పేరు ఒకటే, పని వేరు. ఇది గిన్నెను తాకదు. నీటిలోని కాల్షియాన్ని పట్టుకునే రెసిన్ గుళికలు నిండిపోయినప్పుడు, ఉప్పునీటిలోని సోడియం వాటిని మళ్లీ పనికి సిద్ధం చేస్తుంది. వంట ఉప్పులో అయోడిన్, గడ్డకట్టకుండా కలిపే పదార్థాలు ఉంటాయి కనుక అది పనికిరాదు. కాఠిన్యాన్ని పరీక్ష పట్టీతో కొలిచి యంత్రంలో ఆ మేరకు అమర్చకపోతే ఉప్పు ఉన్నా ఫలితం ఉండదు.

తరువాత జల్లెడ. పాశ్చాత్యుల పళ్లెం కోసం రూపొందిన యంత్రానికి తెలుగు భోజనం పెట్టే పరీక్ష ఇక్కడే. మెతుకులు, కరివేపాకు, చింతపండు ఈనెలు, పోపులోని ఆవాలు అడుగు జల్లెడలో చేరతాయి. జల్లెడను సరిగా బిగించనప్పుడు ఆవగింజ పైకి వెళ్లి స్ప్రే ఆర్మ్ రంధ్రంలో కూర్చుంటుంది. పై అరలోని గ్లాసులకు నీళ్లు అందవు. ఆర్మ్‌ను తీసి సన్నని పుల్లతో రంధ్రాలు తీయడం, వారానికోసారి జల్లెడను పాత పళ్ల బ్రష్షుతో కడగడం సరిపోతాయి. నీళ్లు అడుగున నిలిచిపోతే జల్లెడ, డ్రెయిన్ పైపు మడత, చివరిగా పంపు, ఈ వరుసలో చూడాలి. టాబ్లెట్ కరగకుండా మిగిలితే దాని మూతకు ఏ పళ్లెమో అడ్డుపడి ఉంటుంది. నీళ్లే రాకపోతే మిద్దె మీది ట్యాంకు ఎత్తును చూడాలి. ఎక్కువ యంత్రాలు కోరే 0.3 నుంచి 0.5 బార్ ఒత్తిడికి యంత్రం కంటే ట్యాంకు 3 నుంచి 5 మీటర్ల ఎత్తున ఉండాలి. పెంకుటింటి పక్కన తక్కువ దిమ్మె మీద ట్యాంకు పెట్టుకున్న ఇంటికి ఇది నిజమైన అవరోధం.

వాసన వచ్చినా, సున్నం పేరుకున్నా, ఖాళీ యంత్రంలో నిమ్మఉప్పు వేసి వేడినీటితో ఒకసారి నడపాలి. ఆ విడతలో డిటర్జెంట్ వేయకూడదు. క్షారం, ఆమ్లం ఒకదాన్నొకటి చంపుకుంటాయి. బూడిదకు, చింతపండుకు ఒకే గిన్నె మీద వేర్వేరు సమయాలు కేటాయించిన పాత చేతికి ఈ నియమం కొత్తగా తోచదు. డిటర్జెంట్‌లోని సోడియం కార్బొనేట్ బూడిదలోని క్షారానికి దగ్గరి చుట్టం. కొత్తగా చేరినవి ఎంజైములు. మెతుకులోని పిండిపదార్థాన్ని అమైలేజ్ విడగొడుతుంది. అందుకే గిన్నెలను ముందుగా నీళ్లతో కడిగి పెట్టనక్కరలేదు, మెతుకులు దులిపితే చాలు.

ఈ చివరి సూచనే అన్నిటికంటే అమలు కానిది. దానికి కారణం అజ్ఞానం అనుకోవడం తొందరపాటు. ఎంగిలి కంచాలను, వంటగిన్నెలను విడిగా తోమే ఆచారం ఉన్న ఇంట్లో అన్నీ ఒకే నీటిలో తిరగడం మనసుకు ఎక్కదు. ఒకప్పుడు టీకొట్లలో రెండు గ్లాసుల పద్ధతి నడిచినప్పుడు దళితులు తాగిన గ్లాసును వారే కడిగి పక్కన పెట్టవలసి వచ్చేది. ఏ పాత్రను ఎవరు కడగాలన్నది కులం నిర్ణయించిన సమాజమిది. యంత్రానికి ఎంగిలి తెలియదు. వాడేవారికి తెలుసు, కనుక ముందే ఒకసారి కడిగి మరీ యంత్రంలో పెడతారు. పని రెట్టింపవుతుంది.

6. మిగిలిన పని ఎవరిది?

రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో వెలువరించిన ‘మోర్ వర్క్ ఫర్ మదర్’ గృహయంత్రాలు పనిని తగ్గించకుండా ఇంట్లోని ఇతరుల నుంచి గృహిణికి మళ్లించాయని వాదించింది. 2019 జాతీయ సమయ వినియోగ సర్వేలో, వేతనం లేని ఇంటిపని చేసినవారిలో స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చించినట్లు తేలింది. ఆ పని చేసినవారు స్త్రీలలో 81.2 శాతం, పురుషులలో 26.1 శాతం మాత్రమే. తెలుగు సాహిత్యం ఈ లెక్కను అంకెలు రాకముందే పట్టుకుంది. పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ కథలోని గృహిణి ఇంటిపనిలో తన పేరే మరిచిపోతుంది. విమల ‘వంటిల్లు’ కవిత ఆ గిన్నెల మీద చెక్కిన పేరు ఎవరిదని నిలదీస్తుంది. తోమే చేయి ఒకరిది, పేరు మరొకరిది.

డిష్‌వాషర్ చుట్టూ పని విభజన మరో మెలిక తిరిగింది. కొనడం, బిగించడం, మరమ్మతు మనిషిని పిలవడం మగవారి వ్యవహారంగా, జల్లెడ తీసి కడగడం ఆడవారి పనిగా స్థిరపడే ధోరణి ఉంది. కళాయి పూసేవారు వీధిలోకి వచ్చిన కాలంలో గిన్నె తెచ్చి ఇచ్చి బేరమాడి పని చూసుకున్నది ఇంటి ఇల్లాలే. కల్లూరు వంటి మండల కేంద్రంలో యంత్రం ఆగితే నిపుణుడు పట్టణం నుంచి రావాలి. అతడు వచ్చేదాకా తొట్టి నిండుతుంది. గృహకార్మికుల హక్కులపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011 జూన్ 16న ఆమోదించిన 189వ ఒడంబడికను భారతదేశం ఇంకా ధ్రువీకరించలేదు. ఆ రోజుల్లో పిలిపించుకునే పనిమనిషికి, యంత్రం బాగుపడగానే పని పోతుంది.

యంత్రం నడిచే రోజుల్లో కూడా కొన్ని పాత్రలు దానిలోకి వెళ్లవు. అల్యూమినియం క్షారానికి నల్లబడుతుంది. ఇనుప పెనం మీద నూనెతో పట్టిన పొర పోయి తుప్పు పడుతుంది. ఇత్తడి వన్నె తగ్గుతుంది, కళాయి పూత పలచబడుతుంది. అవి తొట్టి పక్కన విడిగా ఉంటాయి, కొబ్బరి పీచుకూ చింతపండు పిప్పికీ.