బొమ్మకు ప్రాణం పోసిన సంగీతం

సినిమా మాట్లాడడం నేర్చిన తొలి రోజులవి. హాలీవుడ్ నిర్మాతలను ఒక సందేహం పట్టి పీడించేది. నడిసముద్రంలో పడవ మీద ఇద్దరు మాట్లాడుకుంటుంటే వెనకాల వయొలిన్లు మోగితే, "ఈ సంగీతం ఎక్కణ్ణుంచి వస్తోంది?" అని ప్రేక్షకుడు అడగడా? అందుకే సంగీతాన్ని టైటిళ్లకూ ముగింపుకూ పరిమితం చేశారు. మరీ కావాలనిపిస్తే, ప్రేమ సన్నివేశంలోకి ఒక ఫిడేలు వాద్యకారుణ్ణి నడిపించుకొచ్చేవారు. పైగా మాటనూ సంగీతాన్నీ విడిగా రికార్డు చేసి కలిపితే శబ్దం దెబ్బతినేది.

ఆ సమయంలో, 1929లో, ఆర్‌.కె.ఓ. స్టూడియోలో చేరాడు మాక్స్ స్టైనర్. పుట్టింది 1888లో, వియన్నాలోని నాటకాల కుటుంబంలో. 1914లో మొదటి ప్రపంచయుద్ధం మొదలయ్యేనాటికి లండన్‌లో ఉన్నాడు. శత్రుదేశస్థుడన్న ముద్ర పడింది. ఎలాగో బయటపడి 32 డాలర్లతో న్యూయార్క్ చేరాడు. పదిహేనేళ్లు బ్రాడ్వేలో వాద్యబృందాలను నడిపాడు. రంగస్థలం మీద నటుడి ప్రతి కదలికనూ కనిపెట్టి బృందాన్ని నడపడం అక్కడే అలవడింది.

1932లో నిర్మాత డేవిడ్ సెల్జ్‌నిక్ ఆయనకు ఒక సినిమాలోని ఒక్క రీలు అప్పగించి, మాటల వెనకాల సంగీతం పెట్టి చూడమన్నాడు. సన్నివేశం బరువెక్కింది. ఎవరూ ఆ పాత ప్రశ్న అడగలేదు. దాంతో ఆ సినిమా అంతటికీ సంగీతం రాయించాడు.

అసలు పరీక్ష 1933లో ఎదురైంది. 'కింగ్ కాంగ్' సినిమాలో కథానాయకుడైన రాకాసి గొరిల్లా కాంగ్, ఎక్కువ భాగం అడుగున్నర ఎత్తు బొమ్మే. ఖర్చు చేయి దాటిందని, పాత సినిమాల సంగీతంతో సరిపెట్టమని స్టూడియో పెద్దలు చెప్పారు. దర్శకుడు మెరియన్ కూపర్ ఒప్పుకోలేదు. కొత్త సంగీతానికయ్యే డబ్బు తానే ఇస్తానన్నాడు.

స్టైనర్ తెలివిగా అడుగేశాడు. టైటిళ్లయ్యాక న్యూయార్క్ దృశ్యాలకు సంగీతం లేదు. ఓడ పొగమంచులో కాంగ్ ఉండే దీవిని సమీపించినప్పుడు వాద్యాలు మెల్లగా మొదలవుతాయి. వాస్తవం వదిలి కలలోకి వెళుతున్నామని ప్రేక్షకుడికి చెప్పకుండానే తెలుస్తుంది. ఆటవికుల నాయకుడు మెట్లు దిగుతుంటే ఒక్కో అడుగుకూ ఒక్కో స్వరం పడుతుంది. చివర్లో కాంగ్ నేలకూలితే జనం ఒక బొమ్మ కోసం బాధపడ్డారు!

ఇంత కచ్చితంగా తెరతో కలవాలంటే బృందాన్ని నడిపేవాడి చేతిలోని కర్ర ఒక్కటే చాలదు. కార్టూన్లకు వాడుతున్న పద్ధతిని స్టైనర్ కథాచిత్రాల్లోకి తెచ్చాడు. ఫిల్మ్ సెకనుకు 24 ఫ్రేములు నడుస్తుంది. దాని శబ్దపట్టీ మీద 12 ఫ్రేములకొక రంధ్రం పొడిస్తే, హెడ్‌ఫోన్‌లో నిమిషానికి 120 'టిక్'లు వినిపిస్తాయి. బృందమంతా ఆ తాళానికే వాయిస్తుంది. 1935లో 'ది ఇన్‌ఫార్మర్' కోసం కారే నీటిబొట్టుకు స్వరం కలపాలనుకున్నాడు. బొట్లు తాళం తప్పకుండా పడేలా చేయడానికి సెట్ సామగ్రి చూసే మనిషితో కలిసి రోజుల తరబడి తంటాలు పడ్డాడు. ఆ సినిమా సంగీతానికి ఆస్కార్ వచ్చింది.

తర్వాత మరో రెండు ఆస్కార్లు గెలిచాడు. 'గాన్ విత్ ద విండ్', 'కాసాబ్లాంకా' ఆయన స్వరపరచినవే. రీరికార్డింగ్ లేని సినిమాను ఊహించలేని కాలం మనది. ఒక మనిషి పట్టుదల, ఖర్చుకు వెరవని ఒక దర్శకుడి అండ కలిసి ఆ అలవాటును మనకిచ్చాయి. నేటికీ రికార్డింగ్ థియేటర్లలో వాద్యకారులు చెవుల్లో ఆ 'టిక్' వింటూనే వాయిస్తున్నారు.