ట్రాక్టర్ రోడ్డు వేగం పెంచాలంటే: పెద్ద టైర్లా, క్రౌన్ పీనియన్ మార్పా?

చెరకు ఫ్యాక్టరీకో, జిన్నింగ్ మిల్లుకో, ధాన్యం కొనుగోలు కేంద్రానికో ట్రాలీ తోలే రైతులు తరచుగా అడిగే ప్రశ్న ఇది. "టాప్ గేరులో ఉన్నాం, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కాం, ఇంజన్ అరుస్తోంది. అయినా బండి 30 దాటదు. గేరింగ్ పెంచుకోవచ్చా?" పెంచుకోవచ్చు. దానికి రెండు మూడు దారులున్నాయి. డబ్బు పెట్టే ముందు ఏ దారిలో ఎంత వేగం కలుస్తుందో, బదులుగా పొలంలో ఏం పోతుందో లెక్క చూసుకోండి.

గేరింగ్ అంటే ఇంజన్ ఎన్ని చుట్లు తిరిగితే వెనుక చక్రం ఒక చుట్టు తిరుగుతుంది అనే లెక్క. టాప్ గేరులో ఇంజన్ 16 చుట్లకు చక్రం ఒక చుట్టు తిరిగే ట్రాక్టర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ఇంజన్ 2000 ఆర్‌పీఎం మీద ఉంటే చక్రం నిమిషానికి 125 చుట్లు తిరుగుతుంది. చక్రం ఒక చుట్టుకు 4 మీటర్లు నడిస్తే నిమిషానికి 500 మీటర్లు, అంటే గంటకు 30 కిలోమీటర్లు. వేగం పెరగాలంటే ఆ 16 తగ్గాలి, లేదా ఆ 4 మీటర్లు పెరగాలి. గవర్నర్ సీలు విప్పి ఇంజన్ చుట్లు పెంచడం గేరింగ్ మార్చడం కాదు, ఇంజన్ ఆయుష్షు తగ్గించడం. ఆ పని ఎవరు చేస్తామన్నా ఒప్పుకోవద్దు.

పెద్ద టైర్లు

అందరికీ ముందు తోచేది ఇదే. 13.6-28 టైరు ఒక చుట్టుకు సుమారు 4 మీటర్లు నడిస్తే, 14.9-28 సుమారు 4.15 మీటర్లు నడుస్తుంది. పై లెక్క ప్రకారం 30 కాస్తా 31 అవుతుంది, అంతే. 16.9-28 వేస్తే 10 శాతం దాకా రావచ్చు. కానీ దానికి రిమ్ము వెడల్పు సరిపోవాలి, మడ్‌గార్డుకు టైరు తగలకూడదు. కంపెనీని బట్టి టైరు కొలత కొంచెం మారుతుంది కాబట్టి పట్టికల మీద ఆధారపడకండి. టైరు మీద సుద్దతో గీత పెట్టి, గట్టి నేల మీద పది చుట్లు నడిపి, టేపుతో కొలిచి పదితో భాగించండి.

వేగం కోసమే అయితే టైర్ల ఖర్చు దండగ. పాత టైర్లు ఎలాగూ అరిగిపోయి మార్చాల్సి వచ్చినప్పుడు, మీ మోడల్‌కు కంపెనీ అనుమతించిన సైజుల్లో పెద్దది వేసుకోవడం తప్పు కాదు. దమ్ములో పట్టు కూడా కొంత మెరుగవుతుంది. అయితే వెనుక భాగం ఎత్తు పెరుగుతుంది, హిచ్ కూడా పైకి లేస్తుంది. రోటవేటర్, గొర్రు లోతును మళ్లీ సరిచేసుకోవాలి.

ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టర్ అయితే ఇంకో చిక్కు ఉంది. ఆ బండ్లలో ముందు చక్రాలు వెనుక వాటికంటే కాస్త ముందుకు లాగేలా, సాధారణంగా 1 నుంచి 5 శాతం ఎక్కువ నడిచేలా కంపెనీ అమరుస్తుంది. వెనుక టైర్లు మాత్రమే పెంచితే ఈ తేడా పోతుంది. ముందు చక్రాలు లాగడం మాని వెనుక వాటికి అడ్డుపడతాయి. ముందు టైర్లు త్వరగా అరుగుతాయి, షాఫ్టు మీద, గేర్ల మీద బిగింపు పడుతుంది. మారిస్తే నాలుగు టైర్లనూ లెక్క ప్రకారం కలిపి మార్చాలి.

క్రౌన్ పీనియన్

అసలు తేడా ఇక్కడ వస్తుంది. పీనియన్‌కు 9 పళ్లు, క్రౌన్‌కు 40 పళ్లు ఉన్న జత నిష్పత్తి 4.44. దాని స్థానంలో 10, 39 పళ్ల జత వేస్తే 3.9. వేగం సుమారు 14 శాతం పెరుగుతుంది. 30 వెళ్లే బండి 34 వెళ్తుంది. పాత జీపుల వాళ్లకు ఇది తెలిసిన విద్యే. విల్లీస్ సీజే-3బీ జీపు యాక్సిల్ నిష్పత్తి 5.38. అందులో 4.88 జత వేస్తే 10 శాతం వేగం కలుస్తుంది. కాకపోతే ముందు, వెనుక యాక్సిళ్లు రెండింటిలోనూ మార్చాలి. ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టర్‌కూ ఇదే సూత్రం.

క్రౌన్, పీనియన్ ఫ్యాక్టరీలో కలిపి నూరిన జత. ఒకటి కొత్తది, ఒకటి పాతది వేస్తే మోత మొదలై కొన్నాళ్లకే పళ్లు రాలతాయి. బిగించాక పళ్ల మధ్య ఖాళీని డయల్ గేజ్‌తో కొలవాలి, పళ్లకు రంగు పూసి ఎక్కడ ఆనుతున్నాయో చూడాలి. ఈ రెండూ చేయని మెకానిక్ చేతికి ఇవ్వకండి. మీ మోడల్‌లోనే వేర్వేరు వేగాల రకాలు ఉంటే ఆ కంపెనీ జతే దొరుకుతుంది. లేకపోతే ఈ ఆలోచన మానుకోవడం మంచిది. కొందరు బుల్ గేరు దగ్గర మారుస్తారు. ఫలితం ఒకటే, పని ఇంకా ఎక్కువ.

చాలామంది గమనించని సంగతి ఏమిటంటే, ఈ మార్పు ఒక్క టాప్ గేరుకే రాదు. అన్ని గేర్లూ 14 శాతం పెరుగుతాయి. రోటవేటర్ వేసే లో ఫస్ట్ గేరులో గంటకు 2 కిలోమీటర్లు నడిచే బండి ఇక 2.3 నడుస్తుంది. పీటీవో మాత్రం పాత వేగంతోనే తిరుగుతుంది. అంటే ఒక్కో బ్లేడు కోసే మట్టి పెద్దదవుతుంది, గడ్డలు మిగులుతాయి, ఇంజన్ మీద బరువు పెరుగుతుంది. బరువు లాగుతూ కదిలేటప్పుడు క్లచ్ ఎక్కువ జారాలి, ఎక్కువ కాలుతుంది. ఏడాదిలో సగం రోజులు రోటవేటరే నడిపే రైతుకు ఈ మార్పు నష్టమే.

పైగా బరువు మీద ఆ వేగం నిలుస్తుందా? ట్రాక్టర్, నిండు ట్రాలీ కలిపి 7 టన్నులు అనుకోండి. తారు రోడ్డు మీద బరువులో 2.5 శాతం అడ్డుబలం ఉందనుకుంటే 175 కిలోలు. 30 వేగంతో దాన్ని లాగడానికి చక్రాల దగ్గర సుమారు 19 హెచ్‌పీ కావాలి. 100 మీటర్లకు 3 మీటర్లు ఎక్కే వంతెన ఎదురైతే అదే వేగానికి 43 హెచ్‌పీ, 34 వేగానికి 49 హెచ్‌పీ కావాలి. 45 హెచ్‌పీ ట్రాక్టర్‌లో ఇంజన్ శక్తి అంతా చక్రాలకు చేరదు. కాబట్టి ఎత్తు దగ్గర గేరు తగ్గించక తప్పదు. గేరింగ్ పెంచాక ఇంకా ముందే తగ్గించాలి. కలిసొచ్చేది ఖాళీ ట్రాలీతో తిరుగు ప్రయాణంలోనే.

ఆగడం సంగతి

వేగం 30 నుంచి 34కు పెరిగితే బ్రేకు తొక్కాక బండి ఆగే దూరం సుమారు 28 శాతం పెరుగుతుంది. పెద్ద టైర్లు వేస్తే అదే బ్రేకు పట్టు నేల మీద ఇంకా తగ్గుతుంది. ట్రాలీకి బ్రేకులు లేకపోతే వెనుక బరువంతా ట్రాక్టర్‌ను తోస్తుంది. పల్లంలో ట్రాలీ పక్కకు మడత పడేది ఇలాగే. ట్రాలీకి పనిచేసే బ్రేకులు లేనివారు గేరింగ్ జోలికి పోవద్దు. రోడ్డు మీద రెండు బ్రేకు పెడళ్లూ కలిపి లాక్ చేయాలి, పల్లంలో న్యూట్రల్ చేయకూడదు. టైరు పక్కన ఏ6 అని ఉంటే అది 30, ఏ8 అని ఉంటే 40 కిలోమీటర్ల వేగానికి తయారైన టైరు. ట్రాలీ టైర్లకూ ఇలాగే చూడండి.

ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ చెబుతుంది. వారంటీ ఉన్న బండిని విప్పితే వారంటీ పోవచ్చు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర ఈ మార్పు మీకు అడ్డం తిరగవచ్చు.

ఖర్చు లేని దారి

చాలామందికి కావలసింది వేగం కాదు, డీజిల్ ఆదా, ఇంజన్ మోత తగ్గడం. తేలిక పనుల్లో, ఖాళీ ట్రాలీతో వెళ్లేటప్పుడు ఒక గేరు పెంచి యాక్సిలరేటర్ తగ్గించండి. నడక అంతే ఉంటుంది, డీజిల్ తగ్గుతుంది. యాక్సిలరేటర్ కాస్త పెంచగానే ఇంజన్ అందుకుంటే ఆ గేరు సరైనదే. నల్లపొగ వదిలి గొణిగితే గేరు తగ్గించండి. పీటీవో 540 తిరగాల్సిన పనులకు ఈ పద్ధతి పనికిరాదు.

కొత్త బండి కొనేవారు రవాణా ఎక్కువ ఉంటే టాప్ గేరు వేగాన్ని, దుక్కి ఎక్కువ ఉంటే లో ఫస్ట్ వేగాన్ని కంపెనీ పుస్తకంలో చూసి ఎంచుకోండి. సెకండ్ హ్యాండ్‌లో కొనేవారు మాత్రం క్రౌన్ మార్చిన బండేమో పరీక్షించాలి. గట్టి నేల మీద 20 మీటర్లు కొలిచి, లో ఫస్ట్‌లో పుస్తకంలో రాసిన ఆర్‌పీఎం పెట్టి నడపండి. గంటకు 2 కిలోమీటర్లని పుస్తకంలో ఉంటే 36 సెకన్లు పట్టాలి. 32 సెకన్లకే దాటితే, ముందు టైర్ల సైజు చూడండి. టైర్లు కంపెనీ సైజువే అయితే లోపల గేర్లు మార్చినట్టే.