ఎంతసేపు పట్టును?

టెలివిజన్ ప్రసారమును ఇంటనే పట్టి దాచుకొని, తీరిక చిక్కినపుడు చూచుకొను భాగ్యము గృహస్థునకు లభింపక పూర్వము, ఆ కార్యమును నిర్వహించు యంత్రము ప్రసార కేంద్రముల సొత్తుగా ఉండెడిది. 1956 ఏప్రిల్‌లో చికాగో నగరమున ఆంపెక్స్ సంస్థ ప్రదర్శించిన వీడియో రికార్డరునకు రెండంగుళముల వెడల్పు టేపు కావలసి యుండెను. వెల దాదాపు 50 వేల డాలర్లు. అట్టి విద్య చేతికిమిడెడి కాసెట్టుగా కుదించుకొని సామాన్యుని ఇల్లు చేరుటకు ఇంచుమించు ఇరువదేండ్లు పట్టినది.

1975 మే మాసమున జపానులో సోనీవారు వెలువరించిన బీటామ్యాక్స్ అరంగుళపు టేపుపై చక్కని బొమ్మను నిలుపగలిగెను గాని, కాసెట్టు గంటసేపటికే నిండిపోయెడిది. మరుసటి ఏడాది అక్టోబరు 31న టోక్యోలోని అకిహబారా అంగళ్ళకు వచ్చిన జేవీసీవారి వీహెచ్ఎస్ యంత్రము రెండు గంటలు పట్టెను. అది దైవికముగా కుదిరినది కాదు. యూమా షిరాయిషి, షిజువో టకానోల నాయకత్వమున ఆ యంత్రమును రూపొందించినవారు ఇంటికి కావలసిన గుణముల పట్టిక నొకదానిని ముందుగా వ్రాసికొని, అందులో రెండు గంటల నిడివిని చేర్చుకొనిరి. ఒక చలనచిత్రము ఒక్క కాసెట్టున ఇముడుట గృహస్థుని దృష్టిలో ఎంత పెద్ద విషయమో వారెరుగుదురు. అమెరికాలో అమ్మదలచిన ఆర్‌సీఏవారికి అదియు చాలలేదు. అచటి ఫుట్‌బాల్ ఆట ఆసాంతము పట్టవలెనని కోరి, టేపు నడకను మందగింపజేసి, 1977లో నాలుగు గంటల యంత్రమును తెచ్చిరి. బొమ్మ కొంత మసకబారినను కొన్నవారు సహించిరి. నా మట్టుకు నాకు వారి ఎంపిక న్యాయమైనదిగానే తోచును. ఆట ముగింపు లేని చక్కని బొమ్మ ఎవరికి కావలెను?

ఆ పెట్టెలోని పనితనము చూడదగినది. కాసెట్టు లోనికి దిగగానే దాని ముందరి రెప్ప లేచును. రెండు చిన్న కడ్డీలు టేపును వెలుపలికి లాగి, 62 మిల్లీమీటర్ల వ్యాసము గల నున్నని లోహపు డ్రమ్మునకు చుట్టును. ఏటవాలుగా నిలిచిన ఆ డ్రమ్ము మన పాల్ పద్ధతిలో నిమిషమునకు 1500 మారులు గిరగిర తిరుగుచుండగా, టేపు మాత్రము సెకనునకు 23 మిల్లీమీటర్ల పైచిలుకు నడకతో నెమ్మదిగా జరుగుచు, ఒక్కొక్క వాలుగీతలో సగము బొమ్మను తనపై వ్రాయించుకొనును.

1982 ఏషియాడ్ నాటికి మన దేశమున రంగుల ప్రసారము మొదలై, గల్ఫు నుండి సెలవులకు వచ్చు తెలుగువారి సామానులో వీసీఆర్ ఒకటై యుండు రోజులవి. అమెరికా బంధువు ముచ్చటపడి తెచ్చిన 525 గీతల యంత్రము మన 625 గీతల ప్రసారమును పట్టజాలదు. కాసెట్టు వెన్నున ఒక మూల చిన్న ప్లాస్టిక్ పలుకు ఉండెడిది. దానిని విరిచినచో ఆ కాసెట్టుపై మరల రికార్డు కాదు. పెండ్లి కాసెట్టు పలుకు విరువనివారు, దానిపై క్రికెట్ పడిన పిదప కన్నీరు పెట్టుకొనిరి. మనసు మారినచో ఆ గుంటపై సెలోటేపు ముక్క అంటించిన చాలును, కాసెట్టు మరల కొత్తదే.

ఇంటిలో రికార్డు చేసికొనుట చట్టసమ్మతమా యను ప్రశ్న అమెరికా సుప్రీం కోర్టు వరకు పోయి, 1984 జనవరి 17న ఐదుగురు న్యాయమూర్తులు అవునని, నలుగురు కాదని, చూచుకొను వేళ మార్చుకొనుట సక్రమమే యని తేలెను.

హై డెఫినిషన్ వచ్చినపుడు ఎంతసేపు పట్టునను పాత ప్రశ్నయే మరల లేచెను. జపానులో 2000 డిసెంబరు 1న మొదలైన ఉపగ్రహ డిజిటల్ ప్రసారమున సెకనునకు సుమారు 24 మెగాబిట్లు వచ్చిపడుచుండగా, 4.7 గిగాబైట్ల డీవీడీ అరగంటకైనను చాలదు. జేవీసీవారు పాత కాసెట్టు ఆకారముననే డీ-వీహెచ్ఎస్ టేపును చేసిరి. సోనీవారు 2003 ఏప్రిల్ 10న తొలి బ్లూ-రే రికార్డరును తెచ్చిరి. బిళ్ళకు 23 గిగాబైట్లు, అనగా మరల రెండు గంటలే! వెల నాలుగున్నర లక్షల యెన్లు.

అయితే అచటి గృహస్థునకు ఈ మారు వేరొక లెక్క ఎదురయ్యెను. డిజిటల్ ప్రసారమును ఒక్కమారే రికార్డు చేయవలెనన్న కట్టడి మొదట ఉండి, 2008 జూలై 4 నుండి సడలెను: హార్డ్ డిస్కులోని కార్యక్రమమునకు తొమ్మిది నకళ్ళు తీసికొనవచ్చును. పదవ మారు బిళ్ళకెక్కింపగానే, యజమాని ఏ పలుకును విరువకయే, హార్డ్ డిస్కులోని మూలము తనంత తాను చెరిగిపోవును.