80 రూపాయల జీతంతో మొదలైన డిజైనర్: సత్యజిత్ రే కథ

డిగ్రీ అయిపోయింది. డిజైన్ అంటే ఇష్టం. కానీ చదివింది ఇంకేదో. ఇంట్లో "ఉద్యోగం ఎప్పుడు?" అని అడుగుతున్నారు. ఇప్పుడు ఈ లైన్‌లోకి వెళ్తే కుదురుతుందా? మీలో చాలామందికి ఉన్న ప్రశ్నే ఇది. దీనికి ఈ రోజు చరిత్రలోంచి ఒక మనిషిని చూద్దాం.

సత్యజిత్ రే అనగానే మనకి సినిమాలే గుర్తొస్తాయి. కానీ డైరెక్టర్ కాకముందు పదేళ్లకు పైగా ఆయన వృత్తి గ్రాఫిక్ డిజైన్!

1921లో కలకత్తాలో పుట్టారు. తాత ఉపేంద్రకిశోర్‌కి సొంత ప్రెస్ ఉండేది. ఫొటోని చిన్న చిన్న చుక్కలుగా మార్చి అచ్చువేసే హాఫ్‌టోన్ పద్ధతిలో ఆయన నిపుణుడు. కానీ రేకి మూడేళ్లు నిండకముందే తండ్రి సుకుమార్ రే చనిపోయారు. తర్వాత ప్రెస్ కూడా చేజారిపోయింది. తల్లి సుప్రభ కొడుకుని తీసుకుని పుట్టింటివాళ్ల దగ్గరికి వెళ్లారు. అంటే వారసత్వంగా కళ వచ్చింది కానీ డబ్బు రాలేదు.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఎకనామిక్స్‌తో డిగ్రీ చేశారు. ఆ సబ్జెక్ట్ మీద ఆయనకి ఆసక్తి లేదు. తల్లి మాట మీద 1940లో శాంతినికేతన్‌లో చేరి, నందలాల్ బోస్, వినోద్ బిహారీ ముఖర్జీల దగ్గర బొమ్మలు నేర్చుకున్నారు. ఆ కోర్సు పూర్తి చేయకుండానే 1942 చివర్లో వచ్చేశారు.

1943లో డి.జె. కీమర్ అనే బ్రిటిష్ అడ్వర్టైజింగ్ కంపెనీలో జూనియర్ విజువలైజర్‌గా చేరారు. జీతం నెలకి 80 రూపాయలు. అదే ఆఫీసులో ఇంగ్లిషువాళ్లకి ఎక్కువ జీతం, మనవాళ్లకి తక్కువ. క్లయింట్లతోనూ ఆయనకి చిరాకే. ఈ బాధ మీకు కొత్తేమీ కాదు కదా!

అయితే అసలు మలుపు ఆఫీసు బయట వచ్చింది. డి.కె. గుప్తా అదే ఏడాది సిగ్నెట్ ప్రెస్ అనే ప్రచురణ సంస్థ పెట్టి, పుస్తకాల అట్టల పని రేకి అప్పగించారు. పూర్తి స్వేచ్ఛ ఇచ్చారు. నెహ్రూ 'డిస్కవరీ ఆఫ్ ఇండియా'కి అట్ట వేసింది రేనే.

జిమ్ కార్బెట్ రాసిన కుమావూన్ పులుల పుస్తకం బెంగాలీలో వచ్చినప్పుడు ఆయనేం చేశారో చూడండి. అట్ట మొత్తం పులి చర్మం. ముందువైపు తూటా దిగిన రంధ్రం, వెనకవైపు అదే తూటా బయటికొచ్చిన రంధ్రం. పులి బొమ్మ లేదు, వేటగాడి బొమ్మ లేదు. కథంతా రెండు రంధ్రాల్లో చెప్పేశారు!

ఇది చేతివాటంతో మాత్రమే వచ్చేది కాదు. పుస్తకం లోపల ఏముందో పట్టుకుంటేనే వస్తుంది. నా దృష్టిలో రే కెరీర్ రహస్యం ఇదే. బొమ్మ వేయడానికి ముందు విషయాన్ని చదివేవారు.

ఆ చదువే ఆయన్ని ఎక్కడికి తీసుకెళ్లిందో చూడండి. 1944లో 'పథేర్ పాంచాలి' నవలని పిల్లల కోసం కుదించిన పుస్తకానికి బొమ్మలు వేశారు. ఇది మంచి సినిమా అవుతుందని గుప్తానే అన్నారు. 1950లో కంపెనీ లండన్ పంపినప్పుడు అక్కడ 'బైసికిల్ థీవ్స్' చూశారు. తిరిగొచ్చాక నిర్మాతలకి చూపించింది టైపు కొట్టిన స్క్రిప్ట్ కాదు, సన్నివేశాలు గీసిన బొమ్మల పుస్తకం. డబ్బులు దొరక్క ఇన్సూరెన్స్ పాలసీ మీద అప్పు తెచ్చారు. ఉద్యోగం మాత్రం వదల్లేదు, సెలవు రోజుల్లో షూటింగ్ చేశారు. 1955లో సినిమా విడుదలైంది.

పేరొచ్చాక కూడా డిజైన్ ఆపలేదు. తన సినిమాల పోస్టర్లు తనే వేసుకున్నారు. రే రోమన్ అనే ఇంగ్లిష్ అక్షరాల ఫాంట్ కూడా తయారుచేశారు.

అందరం రే అయిపోం. ఆయన ఇంట్లో కళ ఉంది, అది నిజం. కానీ ఈ కథలో మనం తీసుకోగలిగింది ఒకటుంది. సాఫ్ట్‌వేర్ ఎవరైనా మూడు నెలల్లో నేర్చుకోవచ్చు. మీరు చదివిన కామర్సో, బయాలజీయో, తెలుగు సాహిత్యమో మాత్రం పక్కవాడి దగ్గర ఉండకపోవచ్చు. దాన్ని వృథా అనుకోకండి. ఈ వారమే మీకు బాగా తెలిసిన ఒక పుస్తకం తీసుకుని, దానికి అట్ట వేయండి. పోర్ట్‌ఫోలియోలో మొదటి పేజీ అదే కావచ్చు.