ఆకలి నెలలు, నాము గింజలు

ఆషాఢం నుంచి భాద్రపదం దాకా మన కొండల మీద పని ఎక్కువ, తిండి తక్కువ. పోడులో కలుపు తీయాలి. పాత గింజలు అయిపోయి ఉంటాయి, కొత్తవి ఇంకా చేనులోనే ఉంటాయి. ఆ రోజుల్లో మామిడి టెంకల పిండితో కాచిన అంబలి, అడవి దుంపలు, జీలుగు మాను పిండి మన ముందుతరాలను బతికించాయి. చేదు దుంపను ముక్కలు కోసి, ఉడికించి, ఏటి నీళ్లలో నానబెట్టి తినే తిండిగా మార్చడం మన ఆడవాళ్ల విద్య. చదువుకున్నవాళ్లు దాన్ని పేదరికం కింద రాసి వదిలేశారు.

అవీ చాలకపోతే సావుకారు గడప ఎక్కాలి. శ్రావణంలో ఒక కుంచం తెచ్చుకుంటే కోతలకు కుంచంన్నర, కొన్నిచోట్ల రెండు కుంచాలు కొలవాలి. దీన్నే నాము అన్నారు. కొలిచేదీ ఆయన కుంచంతోనే. నాము తీరకపోతే మొదట చింతచెట్టు, తర్వాత పల్లపు మడి, చివరికి కొడుకు పాలేరుగా పోవడం. మన భూములు ఎలా పోయాయని అడిగే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! చాలా ఇళ్లలో ఆ కథ ఒక కుంచం గింజలతో మొదలైంది.

1917లో మద్రాసు ప్రభుత్వం తెచ్చింది ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూమి బదిలీ చట్టం. అందరూ భూమి సంగతే చెబుతారు కానీ, పేరులో ముందున్నది వడ్డీ. అయినా సంతల్లో నాము ఆగలేదు. 1956లో విశాఖలో పుట్టిన గిరిజన సహకార సంస్థ అటవీ ఫలసాయం కొని, డిపోల్లో సరుకులు అమ్మడం మొదలుపెట్టాక కొన్ని ఊళ్లకు ఊపిరి ఆడింది.

పార్వతీపురం ఏజెన్సీలో జాతాపు, సవర ఊళ్లు ఇంకో దారి పట్టాయి. ఉపాధ్యాయులు వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం తోడుగా గిరిజన సంఘం కట్టి అప్పుల మీద, పాలేర్ల కూలి మీద నిలదీశాయి. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న కాల్పుల్లో చనిపోయారు. తర్వాత జరిగిన పోరాటం మీకు తెలుసు. 1/70 మనకు నోటికి వచ్చు. అదే 1970లో గిరిజనుల రుణ విముక్తికి కూడా ఒక రెగ్యులేషన్ వచ్చిందని మాత్రం తక్కువమందికి గుర్తుంది.

1996-97లో కేంద్రం గిరిజన ప్రాంతాల్లో గ్రామ ధాన్యం బ్యాంకుల పథకం పెట్టింది. ఆకలి నెలల్లో గింజలు తీసుకోవాలి, పంట వచ్చాక కొంచెం కలిపి తిరిగి పోయాలి. 2004లో పథకం ఆహార శాఖ చేతికి వెళ్లింది. కుటుంబానికి ఒక క్వింటాలు లెక్క. నాము పద్ధతే ఇది, కాకపోతే కుంచం ఊరి చేతిలో ఉంటుంది.

ఇక్కడ నాకొక అసంతృప్తి ఉంది. పైనుంచి వచ్చినవి బియ్యం. మనం పండించేవి చోళ్లు, సామలు, కొర్రలు. బియ్యానికి వానాకాలంలో పురుగు పడుతుంది. చోళ్లు ఏళ్ల తరబడి నిలుస్తాయి. అందుకే మన పెద్దలు పేడ అలికిన వెదురు గాదెల్లో చోళ్లు పోసి, విత్తనం మూటలను పొయ్యి పైన పొగ తగిలేచోట కట్టేవాళ్లు. తినే గింజ ఊరందరిదైనా, ఆ మూట మాత్రం ఇంటి ముసలమ్మ చేతి మీదే దిగేది. బియ్యం బస్తాలు వచ్చాక చాలా ఇళ్లలో పొయ్యి మీద మూట కట్టడం మానేశారు. సామ విత్తనం కావాలంటే ఇప్పుడు పక్క కొండ మీది ఊరికి వెళ్లి అడుగుతున్నాం.